ప్రకృతి చికిత్సాలయంలో మొగుడూ పెళ్లాం: నా అనుభవం

షుగరు నాది, మోకాళ్లు నావి, పొట్ట మావారిది, అదే మా మాస్టారిది. సెప్టెంబరు నెలాఖర్లో నా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగరు సగటు, 8.2 వచ్చింది. డాక్టరుగారు మాత్ర పెంచబోతూ ఆగి, "ఓ ఎనిమిది కిలోలు తగ్గండమ్మా, ఉన్నవాటిలోంచే ఒకటి తీసేద్దాం" అన్నారు. మా తోడికోడలు కిందటేడు వెళ్లొచ్చిన ప్రకృతి చికిత్సాలయం నంబరు నా ఫోన్లో ఉంది. దాని పేరు రాయను. తణుకు నుంచి కారులో మూడు గంటలు పడుతుంది, అంతవరకు చాలు. దసరా ముందు ఫోన్ చేస్తే నవంబరు 12కి గానీ గది లేదన్నారు. ఇద్దరికి కలిపి ఇచ్చే గదులు తక్కువట. అడ్వాన్సు 10,000 అప్పటికప్పుడు ఫోన్‌పే చేయించుకున్నారు. రాకపోతే వెనక్కివ్వరు.

వెనక్కివ్వరు అన్న మాటే మా మాస్టారిని బయల్దేరదీసింది. మంతెన సత్యనారాయణరాజుగారి మాటలు టీవీలో ఏళ్ల తరబడి శ్రద్ధగా వింటూ, వింటున్నంతసేపూ మిరపకాయ బజ్జీలు తిన్న మనిషి ఆయన. నా షుగరు కోసం వచ్చేవారో లేదో గానీ పదివేలు పోతాయంటే వచ్చారు. పైగా వాళ్లు వాట్సాప్‌లో పంపిన కాగితంలో "దంపతుల ప్యాకేజీ" అని ఉంది. పక్కన గులాబీ రేకులు చల్లిన నీళ్లతొట్టి బొమ్మ. ముప్ఫై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి ఆ బొమ్మ నమ్మి రెండు కొత్త లాల్చీలు కుట్టించుకున్నారు.

12వ తేదీ పొద్దున్న తొమ్మిదికి చేరాం. రక్తపరీక్షలు, ఈసీజీ ముందే చేయించుకు రమ్మన్నారు కాబట్టి ఊళ్లోనే చేయించాం, ఇద్దరికీ 2,900 అయింది. అక్కడ చేయించుకునేవాళ్ల వరస వేరే ఉంది, అది ఇంకా పొడుగు. మాకు డాక్టరు పిలుపు పన్నెండున్నరకి వచ్చింది. అప్పటికి మాస్టారు గోడల మీది బోర్డులన్నీ చదివేసి, రెండింటిలో అచ్చుతప్పులు కూడా పట్టేశారు. డాక్టరు మా చిన్నమ్మాయి ఈడుది. నా బరువు 78.4, ఆయనది 91.2. నా షుగరు మాత్రల్లో గ్లిమిపిరైడ్‌ని సగం చేసింది. ఉపవాసం మొదలైతే రోజుకి రెండుసార్లు వేలు గుచ్చి చూస్తామంది. మాస్టారి పొట్ట నొక్కి చూసి "గ్యాసా?" అంది. "ఆస్తి, అమ్మా" అన్నారాయన. ఆ పిల్ల నవ్వకుండా రాసుకుంది.

అసలు పరీక్ష గేటు దగ్గర సామాన్ల గదిలో ఉంది. సెక్యూరిటీ అబ్బాయి పెట్టె తెరిచి, బట్టల మధ్యలోకి చెయ్యి పోనిచ్చి, బూస్టు సీసా తీశాడు. మూత తీసి వాసన చూసి "ఆవకాయండీ" అన్నాడు, ఎవరి మీదా నేరం మోపని గొంతుతో. నా హ్యాండ్‌బ్యాగులో బ్రూ పొట్లాలు ఉన్నాయి. అవీ తీశాడు. వాటికి మా గది నంబరు చీటీ అంటించి బీరువాలో పెట్టాడు. ఇంటికెళ్లేటప్పుడు ఇస్తారు. ఆ బీరువా చూసి నా సిగ్గు సగం పోయింది. కందిపొడి, జంతికలు, ఆత్రేయపురం పూతరేకులు, నల్లకారం, ఓ స్టీలు డబ్బా నిండా అరిసెలు. ఉప్పు పొట్లం ఒక్కటే విడిగా ఉంది. ఎవరో మహానుభావుడు ఉప్పు మాత్రం తెచ్చుకున్నాడు. మాస్టారి గడ్డం సామాన్ల సంచిని అబ్బాయి పైపైన తడిమి వదిలేశాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

గదిలో విడివిడిగా రెండు మంచాలు, ఒక బల్ల, ఒకే ఒక్క బాత్రూము. దంపతుల ప్యాకేజీ అంటే అంతే. చికిత్సలన్నీ ఆడవాళ్లకి ఒక బ్లాకులో, మగవాళ్లకి ఇంకో బ్లాకులో. ఐదు గంటల గంట కొట్టాక విడిపోతే మళ్లీ భోజనం దగ్గరే మొహాలు చూసుకోవడం. లాల్చీలు పెట్టెలోనే ఉండిపోయాయి.

మొదటి ఎనిమా బ్లాకులో వాళ్లే ఇచ్చి, ఎలా చేసుకోవాలో చూపిస్తారు. మర్నాటి నుంచి గదిలో ఎవరికి వాళ్లే. డబ్బా 250, ఇద్దరికీ రెండు కొనాల్సిందే. భయపడేంత ఏమీ లేదు, గోరువెచ్చని నీళ్లు అంతే. లోపలికి ఎక్కించుకున్నాక ఐదు నిమిషాలు అటూ ఇటూ నడవమంటారు. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. దంపతులిద్దరూ ఒకే సమయానికి ఆ పని చేసుకుంటే ఐదు నిమిషాల తర్వాత గదిలో ఉన్న బాత్రూము ఒకటే. 14వ తేదీ తెల్లవారుజామున ఆయన నాకంటే రెండంగల ముందు తలుపు దగ్గరికి చేరారు. "ఏమండీ!" అన్నాను. లోపల గడియ పడింది. ఇన్నేళ్ల కాపురంలో అంత నిర్దాక్షిణ్యంగా గడియ పడిన చప్పుడు నేను వినలేదు. వరండా చివర ఉమ్మడి మరుగుదొడ్డికి పరుగెత్తితే అక్కడ నాకు ముందే ఇద్దరు. వాళ్ల మొహాలు చూస్తే ఇద్దరూ దంపతుల గదులవాళ్లేనని తెలిసిపోయింది. మాటల్లేవు. ముందు నిలబడ్డ ఏలూరావిడ నన్ను చూసి పక్కకు జరిగింది. ఆ రుణం ఎప్పటికీ తీర్చుకోలేను.

ఆ సాయంత్రం మాస్టారు తప్పు ఒప్పుకోలేదు గానీ టైంటేబులు వేశారు. తెల్లకాగితం మీద స్కేలుతో గీతలు కొట్టి, మొదటి పీరియడు నాకు, రెండోది ఆయనకి. నా పీరియడు అయ్యాక చెంచాతో గ్లాసు మీద కొట్టాలి. మేమున్నన్నాళ్లూ ఆ టైంటేబులు తలుపుకి వేలాడింది. గది ఊడ్చే అమ్మాయి దాన్ని ఫొటో తీసుకుని పక్క గదులవాళ్లకి కూడా చూపించిందట.

కాఫీ సంగతి వేరే చెప్పాలి. చేరిన రోజు సాయంత్రానికే కణతలు లాగడం మొదలెట్టాయి. రెండో రోజుకి తల పగిలిపోయింది. మాత్ర ఇమ్మంటే డాక్టరు పిల్ల నుదుటి మీద తడిమట్టి పట్టీ వేయించి, "కాఫీ మానితే రెండో రోజే ఎక్కువగా ఉంటుంది ఆంటీ, తర్వాత దిగుతుంది" అంది. దిగింది. కానీ ఆ రెండో రోజు మధ్యాహ్నం మట్టి పట్టీ కింద కళ్లు మూసుకుని, ఇంట్లో ఇత్తడి ఫిల్టరు తలుచుకుని నేను ఏడ్చాను. నవ్వుకోండి, ఫరవాలేదు. వెళ్లేవాళ్లు వారం ముందు నుంచే రోజుకో గ్లాసు తగ్గించుకుంటూ వెళ్లండి.

తిండి గురించి పెద్దగా రాయను. మొదట్లో రెండు పుల్కాలు, ఉప్పూ నూనే లేని కూర, పచ్చి ముక్కలు. పొద్దున్నే బూడిద గుమ్మడికాయ రసం. సాయంత్రం ఆరుకే భోజనం అయిపోతుంది. ఆ తర్వాత మూడు రోజులు తేనె నిమ్మరసం నీళ్ల మీద ఉపవాసం. ఆకలి కంటే పొద్దు గడవకపోవడమే కష్టం. రోజులో వంటకీ తిండికీ ఎంత సమయం పోతుందో అవి లేనప్పుడే తెలిసింది.

తినడానికి ఏమీ లేనిచోట కబుర్లకి కరువుండదు. 15వ తేదీ నేను ఆవిరి పెట్టెలో మెడ దాకా కూర్చుని ఉండగా పక్క పెట్టెలోంచి ఒకావిడ తల అంది, "సోషల్ మాస్టారు మీవారేనా? తొట్టిలో ఇరుక్కుపోయారటగా!" తొట్టి స్నానం అంటే కాళ్లు బయటికి పెట్టి, నడుము మాత్రం చన్నీళ్లలో ఉండేలా కూర్చుని, తడిగుడ్డతో పొట్ట రుద్దుకోవడం. ఫైబరు తొట్టి. ఆయన కొలతకి పెద్ద తొట్టి వేరే ఉందట, అది ఖాళీ లేదని మామూలుదాంట్లో కూర్చోబెట్టారు. కూర్చోవడం కూర్చున్నారు, లేవబోతే తొట్టి కూడా వెంట వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు ఆయన్ని, ఒకడు తొట్టిని పట్టుకుని లాగారు. పెట్టె గడియ బయట ఉంటుంది, నేను వెళ్లి చూడ్డానికి లేదు. చెమటలు కారుస్తూ, తల ఒక్కటి బయటపెట్టుకుని, మొగుడి కబురు పక్క తల చెబుతుంటే వినడం ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. భోజనాల హాల్లో ఆయన ఆ ఊసే ఎత్తలేదు. నేనూ అడగలేదు. హాలంతా మమ్మల్నే చూస్తోంది.

16 కార్తీకంలో చివరి ఆదివారం. మా వాళ్లంతా వనభోజనాలకి వెళ్లారు. పదకొండు నుంచి ఫొటోలు మొదలు. ఉసిరి చెట్టు, దాని కింద పులిహోర గంగాళం, గారెలు, పనసపొట్టు కూర. మా ఆడపడుచు గారెను దగ్గర్నుంచి కూడా తీసి పంపింది. సరిగ్గా ఆ వేళకి మాకు అరటాకు స్నానం. దానికి మనిషికి 600 వేరే కట్టాలి. ముందు నీళ్లు బాగా తాగిస్తారు. పెద్ద పెద్ద అరటాకులు పరిచి, మనల్ని పడుకోబెట్టి, మీద కూడా ఆకులు కప్పి, తాళ్లతో కట్టి, డాబా మీద ఎండలో అరగంట వదిలేస్తారు. మొహం మీద తడిగుడ్డ, తలకి నీడ. ఆకు లోపల ఒళ్లంతా ధారలుగా చెమట. ఆడవాళ్ల డాబాకీ మగవాళ్ల డాబాకీ మధ్య తడికె ఒక్కటే అడ్డం. అవతలి నుంచి మా మాస్టారి గొంతు వినబడింది. "ఒరేయ్ అబ్బాయ్, కార్తీక మాసంలో బ్రాహ్మణ్ణి ఆకులో వడ్డించడం ఇదే మొదలా?" నవ్వొచ్చింది గానీ, కట్టేసిన ఆకులో నవ్వితే ఆకు చిరుగుతుంది. కాసేపటికి ఆయన గురక మొదలైంది. పనసాకుల్లో ఉడికిన పొట్టిక్క ఇడ్లీలాగా బయటికి తీశారట, నిద్ర లేవకుండానే.

మర్నాడు 17, కార్తీకంలో ఆఖరి సోమవారం. ఉపవాసం ఎటూ ఉన్నదే, పుణ్యం ఊరికే కలిసొచ్చిందని ఆడవాళ్లం సంబరపడ్డాం. సాయంత్రం దీపాలు పెట్టుకుని వరండా బయట నక్షత్రాల కోసం చూస్తున్నాం. మాస్టారు డైటు అమ్మాయి దగ్గరికి వెళ్లి, చాలా మర్యాదగా, "నక్షత్ర దర్శనం అయ్యాక భోజనం చెయ్యాలని శాస్త్రం. హాలు ఎన్నింటికి తెరుస్తారమ్మా?" అని అడిగారు. "తేనె నీళ్లు ఇస్తాను అంకుల్" అందా పిల్ల.

నక్షత్రం కనబడింది. నాకు దాని పక్కన ఇంకో నాలుగు కనబడ్డాయి. చేతులు వణికాయి, ఒళ్లంతా చల్లచెమట, నోట్లో మాట ముద్దగా వచ్చింది. ఏలూరావిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కేక వేసింది. నర్సు మిషను తెచ్చి వేలు గుచ్చితే షుగరు 62కి పడిపోయి ఉంది. ఆమె తేనె నీళ్ల కోసం పరుగెత్తే లోపల మాస్టారు మా గదిలోకి పరుగెత్తారు. మగవాళ్లు రాకూడని ఆడవాళ్ల వరండాలోంచి, లుంగీ ఎగ్గట్టి, రొప్పుతూ వచ్చి నా నోట్లో ఏదో కుక్కారు. కొరకగానే పాకం కారింది.

తాపేశ్వరం కాజా.

ఆ కంగారులో కూడా నా నాలుక దాన్ని గుర్తుపట్టింది. నర్సు తేనె నీళ్ల గ్లాసుతో వచ్చి, ఆయన చేతిలో ఉన్న మిగతా సగం చూసి, "ఇదెక్కడిది మాస్టారూ?" అంది. గడ్డం సంచి! బ్రష్షు డబ్బాలో, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి. ఆ అమ్మాయి ముందు నాకు గ్లాసు తాగించింది. ఇలాంటప్పుడు కాజా పనికిరాదట, నూనెలో వేగింది కాబట్టి అందులో తీపి ఆలస్యంగా ఒంటికి పడుతుందట. తేనె నీళ్లో, గ్లూకోజో, పంచదారో ఇచ్చి పావుగంటకి మళ్లీ చూడాలట. మళ్లీ చూస్తే 94 వచ్చింది. ఆ రాత్రే డాక్టరు వచ్చి గ్లిమిపిరైడ్ పూర్తిగా ఆపేసి, మర్నాటి నుంచి నా ఉపవాసం మాన్పించి పళ్ల మీద పెట్టింది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఉపవాసం మొదలవకముందే "ఏ మాత్ర ఆపాలి, ఏది సగం, ఎన్నింటికి చూస్తారు" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. గ్లూకోజు పొట్లం గదిలో పెట్టుకోవడానికి అనుమతి కూడా అడగండి. ఇస్తారు. మాకు తర్వాత ఇచ్చారు.

గదిలోకి వచ్చాక ఆయన మంచం చివర కూర్చుని నా చెయ్యి వదల్లేదు. ఆయన చెయ్యి నా చేతికంటే ఎక్కువ వణుకుతోంది. చాలాసేపటికి "ఎన్ని తెచ్చారు?" అని అడిగాను. "డజను." "ఎన్ని మిగిలాయి?" జవాబు లేదు. "నేను కాఫీ కోసం ఏడ్చిన రోజు?" "ఆరున్నాయే" అన్నారు. ఆ రాత్రి నాకు ఆయన మీద వచ్చినంత ప్రేమా, వచ్చినంత కోపమూ ఒకేసారి ఎప్పుడూ రాలేదు. నిద్ర పట్టక రెండూ చెరి కాసేపు అనుభవించాను.

తెల్లారితే 18. 1945లో ఆ తేదీనే గాంధీగారు అఖిల భారత ప్రకృతి చికిత్స ట్రస్టుకి అధ్యక్షులయ్యారట. అందుకని 2018 నుంచి దేశమంతా ప్రకృతి చికిత్స దినోత్సవం చేస్తున్నారు. పండగంటే ఏదో పెడతారని హాలు నిండిపోయింది. మనిషికి ఒక ఖర్జూరం పెట్టారు. ప్రసంగాలయ్యాక క్విజ్జు. గాంధీగారు ఉరుళీ కాంచన్ గ్రామంలో ప్రకృతి చికిత్స మొదలుపెట్టిన సంవత్సరం ఏది అన్న ప్రశ్నకి, కాజా నేరం మీద ముందు రాత్రే మందలింపు తిన్న మా మాస్టారు లేచి, "1946, పుణె దగ్గర" అని క్లాసులో చెప్పినట్టు చెప్పారు. బహుమతిగా డాక్టరు పిల్ల చేతుల మీదుగా పెద్ద బూడిద గుమ్మడికాయ ఇచ్చారు. దాన్ని చంకనెత్తుకుని హాలంతా ఊరేగారు. తొట్టి పరువు ఆ దెబ్బతో తిరిగొచ్చింది.

21న పోలి పాడ్యమి. నెలంతా దీపాలు పెట్టినా పెట్టకపోయినా ఆ తెల్లవారుజామున నీళ్లలో దీపం వదలాల్సిందే. దగ్గర్లో చెరువు లేదు, కాలవ దాకా చీకట్లో పంపరు. ఏలూరావిడకే ఆలోచన వచ్చింది. నాలుగింటికి ఆడవాళ్ల బ్లాకు తెరిపించి, తొట్టి స్నానాల తొట్లు వరసగా కడిగి నీళ్లు నింపాం. అరటాకు స్నానాల కోసం నరికిన చెట్ల బోదెలు పెరట్లో పడున్నాయి, దొప్పలకి కొరతేముంది? ఆవునెయ్యి మాత్రం వంటశాలలో లేదు. డైటు అమ్మాయి పూజగదిలోంచి నువ్వుల నూనె తెచ్చింది. తొట్టికి నాలుగైదు దీపాలు వదిలి, వేలితో నీళ్లు ముందుకి తోశాం. తొట్టి చిన్నది కదా, అవి అటు తగిలి మళ్లీ మా దగ్గరికే వచ్చేవి. ఒకావిడ పోలి కథ చెప్పింది. బొందితో స్వర్గానికెళ్లిన చిన్నకోడలు, ఆమె కాళ్లు పట్టుకుని వేలాడిన అత్తగారు. "మన బరువుకి విమానం లేస్తుందంటారా?" అని ఎవరో అన్నారు. ఖాళీ కడుపులతో అంత నవ్వు నవ్వితే నొప్పి పుట్టింది. ఈ ఒక్క పొద్దు కోసం ఐతే మళ్లీ వెళ్తాను.

22న డిశ్చార్జి. పొద్దున్నే పరగడుపున తూకం. నేను 75.5. అంటే మూడు కిలోలు కూడా పూర్తిగా తగ్గలేదు. పరగడుపు షుగరు మాత్రం 121, మాత్ర ఒకటి మానేశాక కూడా. మోకాళ్ల నొప్పి మెట్లు దిగేటప్పుడు తగ్గింది, ఎక్కేటప్పుడు అలాగే ఉంది. తర్వాత మాస్టారు ఎక్కారు. 86.3! దాదాపు ఐదు కిలోలు. నేను డాక్టరుని నిలదీశాను. ఆరు కాజాలు నాకు తెలిసి, మిగతావి తెలియకుండా, మొత్తం డజను తిన్న మనిషి అంత తగ్గడం ఏమిటని. "మగవాళ్లకి కండ ఎక్కువ ఆంటీ, వాళ్లకి త్వరగా తగ్గుతుంది. మొదట్లో తగ్గేదాంట్లో నీరే ఎక్కువ" అంది. ఆయన పక్కన నిలబడి, ఈ ఫలితం తన క్రమశిక్షణ వల్లే వచ్చిందన్నట్టు తలూపుతున్నారు. "పదకొండే తిన్నాను. ఒకటి నువ్వు తిన్నావు" అన్నారు మెల్లగా.

బిల్లు గదికీ, తిండికీ, మామూలు చికిత్సలకీ కలిపి ఇద్దరికీ 54,000. అరటాకు, డబ్బాలు, మధ్యలో చేసిన పరీక్షలు వగైరా ఇంకో 4,600. అడ్వాన్సు అందులో తగ్గించారు. కార్డు తీసుకోరు, ఫోన్‌పే పరిమితి దాటితే నగదు ఇవ్వాలి, ఏటీఎం రెండు కిలోమీటర్ల దూరం. ఈ సంగతి ముందు ఎవరూ చెప్పలేదు. మాస్టారు కొత్త లాల్చీ తొడుక్కుని నడిచి వెళ్లి తెచ్చారు.

ఇది రాస్తున్నది డిసెంబరు మొదట్లో. నాకు ముప్పావు కిలో తిరిగొచ్చింది, ఆయనకి రెండు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి ఫిబ్రవరి దాకా ఆగి చేయించమన్నారు. మార్చిలో మళ్లీ వెళ్దామని ఆయనే ఫోన్ చేసి అడిగారు. దంపతుల గది ఖాళీ ఉందట. ఆయన స్నానానికి వెళ్లాక నేను మళ్లీ ఫోన్ చేసి, రెండు సింగిల్ గదులు, ఎవరి బాత్రూము వాళ్లకి, అని మార్పించాను. రోజుకి 900 ఎక్కువవుతుంది. గేటు దగ్గర మగవాళ్ల గడ్డం సంచులు కూడా విప్పి చూడమని చెప్పి పెట్టాను.